గేరు వేయగానే ఆగిపోవు కారును గూర్చి ఐ.టి.ఐ. ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

ఉభయ తెలుగు రాష్ట్రముల పారిశ్రామిక శిక్షణ సంస్థలలో మోటారు మెకానిక్కు విద్యను బోధించుచున్న ఉపాధ్యాయులకు,

ఆర్యులారా,

మోటారు విద్యను వృత్తిగా గాక వ్యసనముగా మాత్రమే అభ్యసించిన యొక సామాన్య పౌరుడు, ఆ విద్యకు గురుపీఠమున నున్న మీకు కారు మరమ్మతును గూర్చి లేఖ వ్రాయుట సాహసమనిపించుకొనవచ్చును. అయినను, 1950లో కేంద్ర ప్రభుత్వము చేతిపనివారల శిక్షణ పథకమును నెలకొల్పినది మొదలు మన షెడ్లకును సర్వీసు సెంటర్లకును తర్ఫీదు పొందిన చేతుల నందించుచున్నది మీ సంస్థలే గనుకను, రెండేండ్ల చదువు ముగించి ధ్రువపత్రముతో బయటికి వచ్చు పిల్లవాడు రేపు మనలో ఎవరి బోనెట్టునైనను ఎత్తవలసినవాడే గనుకను, నా మనవి చేరవలసిన చోటు మీ తరగతి గదియే యని నిశ్చయించుకొని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. చెప్పబోవునది ఒకే యొక రోగమును గూర్చి. ఆటోమేటిక్ కారు చక్కగా స్టార్టగును, పార్కులో ఎంతసేపైనను ఆడును, లీవరును డి లోనికో ఆర్ లోనికో జరిపిన మరుక్షణమే ఇంజను ఆగిపోవును.

ఈ ఫిర్యాదుతో షెడ్డుకు పోయిన యజమానికి లభించు సమాధానము నేను పలుమారులు విన్నదే: "గేరుబాక్సు పోయిందండీ, దింపాల్సిందే." బోనెట్టు ఎత్తకమునుపే, బండి వేడిమీద ఆగుచున్నదో చల్లగా నున్నప్పుడే ఆగుచున్నదో అడుగకమునుపే, ఈ తీర్పు వెలువడును. గేరు వేసినప్పుడు ఆగినది గనుక గేరుబాక్సే దోషి యనుట కాకతాళీయ న్యాయమున కంటె మెరుగైన తర్కము కాదు. గేరుబాక్సును దింపుట యనగా దినముల పని. యజమానికి పెద్ద వ్యయము. దింపి, విప్పి, ఎక్కించిన పిదపను బండి మునుపటి వలెనే ఆగిపోయినచో, అప్పుడు మెకానిక్కు సెన్సార్ల నొకదాని వెనుక నొకదానిని మార్చుచు పోవును, యజమాని బిల్లుల నొకదాని వెనుక నొకదానిని చెల్లించుచు పోవును. ఇందులో దురుద్దేశము తఱచుగా ఉండదని నా నమ్మకము. లేనిది విచారణక్రమము, దానిని నేర్పగలవారు మీరు.

క్లచ్చి పెడలు లేని బండిలో, చక్రములు నిలిచియుండగనే ఇంజను ఆగక తిరుగుచుండుట యెట్లు సాధ్యమో శిష్యునకు స్పష్టముగా తెలిసిననాడు ఈ రోగములో సగము వానికి తెలిసినట్లే. రెండు టేబులు ఫాన్లను ఎదురెదురుగా నుంచి ఒకదానికి మాత్రము కరెంటు ఇచ్చినచో, దాని గాలికి రెండవదియు తిరుగును. రెండవదాని ఱెక్కలను పట్టి ఆపినను మొదటిది ఆగక తిరుగుచునే యుండును. టార్కు కన్వర్టరులో గాలికి మారుగా నూనె కలదు. ఇంజనుతో తిరుగు ఇంపెల్లరు నూనెను విసరును, గేరుబాక్సును త్రిప్పు టర్బైను దానిని అందుకొనును, నడుమ నున్న స్టేటరు తిరిగివచ్చు నూనెను అనుకూలదిశకు మరలించి బలమును హెచ్చించును. జర్మను ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగరు 1905లో ఈ ద్రవసంధాన సూత్రమునకు పేటెంటు గైకొన్నది కారుకొఱకు కాదు, ఓడలకొఱకు. ఓడలకై పుట్టిన సూత్రము 1939లో జనరల్ మోటార్సువారి హైడ్రామాటిక్ రూపమున ఓల్డ్స్‌మొబీలు కార్లలోనికి ప్రవేశించినది. 1948లో బ్యూయిక్ కార్ల డైనాఫ్లోతో బలమును హెచ్చించు టార్కు కన్వర్టరు కూడ జనసామాన్యపు బండ్లలోనికి వచ్చినది.

అయితే నూనె ద్వారా బలమును చేర్చుటలో కొంత జారుడు అనివార్యము. జారుడనగా వ్యర్థమైన పెట్రోలు. ప్యాకార్డువారు 1949లోనే ఇంపెల్లరును టర్బైనును ఒకటిగా బిగించు క్లచ్చి నొకదానిని తమ గేరుబాక్సున అమర్చియుండిరి గాని, 1973 నాటి చమురు సంకటము తరువాత 1978 నమూనాలతో క్రైస్లరువారును, వారి వెనుక తక్కినవారును చేపట్టిన మీదటనే ఈ లాకప్ క్లచ్చి సర్వసామాన్యమైనది. రాజమార్గముపై సమవేగమున పోవునప్పుడు ఇది బిగిసి జారుడును మాన్పును. వేగము తగ్గగానే విడివడవలెను. విడివడనిచో, అనగా దానిని నడుపు సొలినాయిడు గాని వాల్వు గాని ఇరుక్కుపోయినచో, మామూలు గేర్ల బండిని క్లచ్చి నొక్కకుండ గేరులో నుంచి బ్రేకు వేసినప్పుడేమగునో ఇక్కడను అదియే యగును. పెట్రోలు పొదుపునకై చేర్చిన యీ చిన్న క్లచ్చి, నేను చెప్పుచున్న రోగమునకు గేరుబాక్సు పక్షమున ప్రధాన కారణము.

ఇంజను పక్షము వేఱు. ఐడిలింగులో నిమిషమునకు సుమారు 600 నుండి 800 చుట్లతో మెల్లగా తిరుగుచున్న ఇంజను తన్ను తాను త్రిప్పుకొనుటకు మించి విశేషబలమును దాచుకొని యుండదు. లీవరును డి లోనికి జరిపి బ్రేకు నొక్కియుంచినచో టర్బైను నిలిచిపోవును, ఇంపెల్లరు నిలిచిన నూనెను చిలుకుచు తిరుగవలసివచ్చును. ఇది ఆరోగ్యవంతమైన బండిలో సైతము ఇంజనుపై పడు న్యాయమైన భారము. గేరు ఎక్కడ నున్నదో తెలుపు స్విచ్చి ఈ సంగతిని కంప్యూటరునకు చేరవేయును. కంప్యూటరు ఐడిలు కంట్రోలు వాల్వును, క్రొత్త బండ్లలో థ్రాటిలునే, కొద్దిగా తెఱచి అదనపు గాలిని పంపును. చుట్లు ఇంచుక తగ్గి మరల నిలద్రొక్కుకొనును. థ్రాటిలు బాడీలో మసి పేరుకొన్నను, వాల్వు బిగుసుకొన్నను, పెట్రోలు పంపు నీరసించినను, స్పార్కు బలహీనమైనను, ఈ.జీ.ఆర్. వాల్వు సగము తెఱచుకొని నిలిచినను, పార్కులో ఎట్లో నెట్టుకొనివచ్చుచున్న ఇంజను ఈ స్వల్పభారముతో చేతులెత్తివేయును. బ్యాటరీని మార్చినప్పుడు కంప్యూటరు తాను నేర్చుకొన్న ఐడిలు కొలతలను మఱచిపోవు బండ్లును కలవు. అట్టి బండి బ్యాటరీ మార్చిన మఱునాడే డి లో ఆగిపోయినచో, మరల నేర్పించు విధానమును అనుసరింపవలెనే గాని దేనిని మార్చియు ప్రయోజనము లేదు. "బ్యాటరీ ఈ మధ్య ఏమైనా మార్చారా అండీ?" అను ప్రశ్నకు వెల లేదు, అడుగువాడును అరుదు.

కావున శిష్యుడు స్పానరు పట్టకమునుపు తేల్చుకొనవలసిన సంగతి యొకటే: ఇంజనుపై పడుచున్న భారము పడవలసినదాని కంటె హెచ్చినదా, లేక పడవలసినంత భారమునే మోయలేనంతగా ఇంజను నీరసించినదా? దీనికి ఉత్తరము బండి చచ్చెడి తీరులోనే చాలవఱకు దొరకును. ఒక్క కుదుపుతో టక్కున ఆగినచో లాకప్ క్లచ్చిని అనుమానింపవలెను. తడబడుచు, లేచి పడుచు, క్రమముగా ఆరిపోయినచో గాలిని, పెట్రోలును, స్పార్కును అనుమానింపవలెను. పార్కులోనే యుంచి ఏసీని, హెడ్‌లైట్లను వేసి, స్టీరింగును ఒకవైపునకు పూర్తిగా త్రిప్పి చూచినప్పుడును ఇంజను తూలినచో, గేరుబాక్సు పేరెత్తవలసిన పనియే లేదు. భారమేదైనను మోయలేని స్థితిలో ఇంజనున్నది. ఏ భారమునకును చలింపక డి కి మాత్రమే కుప్పగూలినచో అప్పుడు గేరుబాక్సువైపు చూచుట న్యాయము.

ఈ సందర్భమున గేరుబాక్సు నూనెను గూర్చి యొక మాట. "ఆయిలు తక్కువైనట్టుంది, ఓ లీటరు పోద్దాం" అనుట షెడ్లలో వాడుక. నూనె తగ్గినచో గేరు ఆలస్యముగా పట్టును, జారును, ఇంజను ఊరక అఱచును. భారము తగ్గునే గాని పెరుగదు, కనుక ఇంజను ఆగుటకు అది సాధారణముగా కారణము కానేరదు. అయినను ఆ లీటరు పోయబడుచునే యున్నది.

నేను పైన రెండు పక్షములని చెప్పితిని గాని, ఈ రోగములో మిక్కిలి సొగసైన భాగము ఆ రెంటికిని చెందని మూడవ తెగ. గేరు వేయునప్పుడు గేరొక్కటే కదలదు. నేటి ఆటోమేటిక్ బండ్లలో లీవరును పార్కునుండి తీయవలెనన్న బ్రేకు నొక్కియే తీరవలెను. ఆ బ్రేకు పెడలును తేలిక చేయు బూస్టరు పెట్రోలు ఇంజనులలో ఇన్‌టేకు మానిఫోల్డులోని శూన్యపీడనముతో పనిచేయును; దానిలోని రబ్బరు పొర చినిగినచో పెడలు నొక్కినప్పుడెల్ల లెక్కకు రాని గాలి ఇంజనులోనికి చొరబడి మిశ్రమమును పలుచన చేయును. ఇంజను చచ్చును, యజమాని చేయి లీవరుపై నుండును, నింద గేరుబాక్సుపై పడును, అసలు దోషి పాదము క్రింద నుండును! లీవరును ముట్టకుండ, పార్కులోనే, బ్రేకును నొక్కి పట్టి చెవియొగ్గుట యను ఒక్క పరీక్షతో ఈ చిక్కు వీడును. పెడలు దాపున సుయ్యిమను శబ్దమును, చుట్లు పడిపోవుటయు కలిగినచో గేరుబాక్సునకు విముక్తి. దీనిని తెలిసిన మెకానిక్కులు లేకపోలేదు. అయితే వారికి ఇది గురువు చెప్పగా గాక బండ్లు చెప్పగా తెలిసినది.

లీవరును జరిపినప్పుడు కదలునది ఇంకొకటి కలదు, అది ఇంజనే. డి లో అది ఒకవైపునకు ఒరుగును, ఆర్ లో రెండవవైపునకు. దానిని పట్టియుంచు మౌంటింగు రబ్బర్లు తెగినచో ఆ ఒరుగుట శ్రుతిమించి, తీగలను లాగును, గొట్టములను సాగదీయును. మా బంధువు లొకరి కారు విషయమున జరిగినది ఇట్టిదే. బండి డి లో చక్కగా నడచును, ఆర్ లో వేయగానే తూలి ఆగిపోవును. రెండు షెడ్లలో గేరుబాక్సును దింపవలెననిరి. రివర్సు గేరు క్లచ్చులు కాలినవని ఒకరు నిర్ధారణ కూడ చేసిరి. క్లచ్చులు కాలినచో బండి కదలకుండునే గాని ఇంజను ఎందులకు ఆగవలెనో వా రాలోచించినట్లు తోచదు. కడకు విజయవాడ ఆటోనగరమున ఒక వృద్ధ మేస్త్రీ, తన కుఱ్ఱవానిని సీటులో కూర్చుండబెట్టి, చక్రములకు చెక్కలు పెట్టించి, బోనెట్టు ఎత్తి, బండికి ఎదురుగా గాక ప్రక్కగా నిలిచి, "బ్రేకు గట్టిగా పట్టు. డీ వెయ్యి. ఇప్పుడు ఆర్ వెయ్యి" అని చెప్పి చూచెను. ఆర్ పడగానే ఇంజను వెనుకకు ఎగిసెను. గాలిమీటరునకును థ్రాటిలునకును నడుమ నున్న రబ్బరు గొట్టపు ముడుతలలో ఒక చీలిక నోరు తెఱచెను. డి లో ఆ చీలిక మూసికొనిపోవుచున్నది. మీటరును దాటిన తరువాత చొరబడిన గాలి కంప్యూటరు లెక్కకు రాదు గదా. లెక్కకు రాని గాలికి పెట్రోలు పడదు. గొట్టమును, ఒక మౌంటింగును మార్చుటతో వ్యవహారము ముగిసెను. గాలిని మీటరుతో కొలిచెడి బండ్లకే ఇది వర్తించుననియు, మానిఫోల్డు పీడనమును బట్టి లెక్కవేయు బండ్లలో థ్రాటిలునకు ముందున్న గొట్టము చినిగినను ఇట్టి బాధ కలుగదనియు మీ శిష్యులకు తెలుపుట మఱవవలదు. లేనిచో ప్రతి బండిలోను గొట్టములను మార్చుట యొక క్రొత్త వాడుక కాగలదు. ఆర్ లో మాత్రమే ఆగు బండ్లలో మఱియొక అనుమానము రివర్సు లైటు తీగలది: అక్కడి షార్టు సర్క్యూటు వలన ఫ్యూజు పోయి, కొన్ని బండ్లలో అదే ఫ్యూజుపై ఆధారపడిన ఇతర భాగములకును కరెంటు నిలిచిపోవచ్చును.

యజమాని మాటను వినుట కూడ పరీక్షయే. "చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుందండీ, హైవే మీద వచ్చి సిగ్నలు దగ్గర ఆగితేనే ఆఫ్ అవుతోంది, న్యూట్రల్ చేస్తే ఆగట్లేదు" అని చెప్పినవాడు లాకప్ క్లచ్చి విడివడుటలేదని తన భాషలో చెప్పినట్లే. పాతకాలపు గేరుబాక్సులలో లాకప్ సొలినాయిడునకు ప్రత్యేకమైన కనెక్టరుండును. దానిని ఊడదీసి నడిపినప్పుడు రోగము మాయమైనచో మొదటి అనుమానము ఆ సొలినాయిడుపైననే. కనెక్టరు తీసినను మారనిచో వాల్వులోనో కన్వర్టరులోనో ఇరుకున్నదని తరువాతి అనుమానము. నేటి గేరుబాక్సులలో తీగలన్నియు ఒకే పెద్ద కనెక్టరున కలిసియుండును; దానిని ఊడదీసినచో గేరుబాక్సు ఆత్మరక్షణ స్థితికి పోయి పరీక్షనే తారుమారు చేయును. అచట స్కానరుతోనే ఆజ్ఞ నిచ్చి చూడవలెను.

స్కానరు ప్రస్తావన వచ్చినది గనుక చెప్పుచున్నాను. పి 0742 అను కోడు లాకప్ క్లచ్చి బిగిసి యున్నదనియు, పి 0506 ఐడిలు ఉండవలసినదానికంటె తక్కువ యనియు, పి 0171 మిశ్రమము పలుచనైనదనియు తెలుపును. ఇవి ఎచట వెదుకవలెనో చెప్పునే గాని ఏది మార్చవలెనో చెప్పవు. పి 0171 కనబడగానే ఆక్సిజను సెన్సారును మార్చు షెడ్లు మన నగరములలో కొల్లలు. గాలి చొరబడుచున్నదని నిజము పలికినందులకు ఆ సెన్సారునకు పడిన శిక్ష అది. స్కానరు కొనలేని షెడ్డువాడు సైతము కొనగలిగిన వాక్యూము గేజి, నా అభిప్రాయమున, ఈ రోగవిచారణలో దానికి ఏమాత్రమును తీసిపోదు. ఆరోగ్యముగల పెట్రోలు ఇంజను ఐడిలులో, సముద్రమట్టమునకు సమీపమున, 17 నుండి 21 అంగుళముల పాదరసమును నిలుకడగా చూపును. వేయి అడుగుల ఎత్తునకు సుమారు ఒక అంగుళము తగ్గును గనుక, విజయవాడలో 19 చూపు ఇంజను హైదరాబాదులో 17 చూపినచో అది ఇంజను దోషము కాదు, దక్కను పీఠభూమి ఎత్తు. పుస్తకములోని అంకెను చూచి హైదరాబాదు కుఱ్ఱవాడు ఆరోగ్యమైన ఇంజనును విప్పకుండునట్లు మీరే చెప్పవలెను.

ఇంతవఱకును చెప్పినది టార్కు కన్వర్టరు గల బండ్లను గూర్చి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశపు చిన్న కార్లలోనికి వచ్చిన ఏ.ఎమ్.టి. బండ్లలో కన్వర్టరే లేదు. మామూలు గేరుబాక్సునకు, మామూలు పొడి క్లచ్చికి, డ్రైవరు చేయియు కాలును చేయు పనిని యంత్రము చేయును. అట్టి బండి గేరు వేయగానే ఆగినచో క్లచ్చి పూర్తిగా విడివడుటలేదని మొదటి అనుమానము: ఆక్చుయేటరు బలహీనమైనదో, క్లచ్చి అరిగి కంప్యూటరు నేర్చుకొన్న పట్టుబిందువు తప్పినదో చూడవలెను. రెండు క్లచ్చుల గేరుబాక్సులును ఇంచుమించు ఈ కోవలోనివే. సి.వి.టి. బండ్లలో చాలవాటికి కన్వర్టరున్నది, కనుక అవి కన్వర్టరు బండ్ల తెగతో చేరును. అన్నింటిపైనను ఆటోమేటిక్ అను ఒకే బోర్డును కట్టి కంపెనీలు అమ్ముచున్నవి. షెడ్డులో మాత్రము బండి ఏ జాతిదో ముందుగా తెలియనిదే పరీక్ష ప్రారంభింపరాదు.

ఒక హెచ్చరిక. బ్రేకు నొక్కి, డి లో నుంచి, ఆక్సిలరేటరును అదిమి కన్వర్టరు బలమును కొలుచు స్టాలు టెస్టు అను పరీక్ష యొకటి కలదు. పిల్లలకు అది మిక్కిలి ఉత్సాహకరము. కొన్ని క్షణములలోనే నూనెను మాడ్చివేయగలది, బ్రేకు జారినచో ఎదుటనున్నవానిని గోడకు అదుమగలది యగుటచే, ఐదు సెకండ్లకు మించక, ఎదుట ఎవరును లేకుండ, తయారుచేసినవారి మాన్యుయలు అనుమతించినచో మాత్రమే చేయవలెను. గేరు వేయగానే ఆగిపోవు బండికి దాని యవసరము దాదాపు కలుగదు.

మీ పాఠ్యక్రమమున ఏమేమి కలవో నాకంటె మీకే బాగుగా తెలియును. దానికి ఒక అధ్యాయమును చేర్చుడని నేను కోరుటలేదు. కోరుచున్నది పరీక్షావిధానమున ఒక మార్పు. విప్పి బిగించుటకు ఇచ్చు మార్కులలో కొన్నింటిని విప్పకుండ కనుగొనుటకు కేటాయింపుడు. ఆవరణలో ఒక ఆటోమేటిక్ బండిని నిలిపి, ఒక గాలిగొట్టమున చీలిక పెట్టియో, బూస్టరు గొట్టమును వదులు చేసియో, థ్రాటిలునకు మసి పూసియో, శిష్యునకు ఒక కాగితమును, పెన్సిలును, వాక్యూము గేజిని ఇచ్చి, స్పానరు ముట్టకుండ అరగంటలో అనుమానములను వరుసగా వ్రాయుమని, ఒక్కొక్క అనుమానమును ఏ పరీక్షతో తొలగించెనో దానికెదురుగా వ్రాయుమని అడుగుడు. చివరి జవాబు తప్పినను వరుస సరిగా నున్నవానికి మార్కులు దక్కవలెను. వరుస లేకుండ జవాబు తగిలినవానికి తగ్గవలెను. యజమాని పాత్రను ఉపాధ్యాయులలో ఒకరు ధరించి, అడిగినదానికే సమాధానము చెప్పుచు, అడుగనిది చెప్పకుండ కూర్చుండినచో పరీక్ష మఱింత రక్తి కట్టును.

మీ సంస్థలలో ఆటోమేటిక్ బండి లేనిచోట, పరీక్ష దినమున నా పాత కారును తెచ్చి నిలుపుటకు నాకభ్యంతరము లేదు. దానిలో కావలసిన లోపమును మీరే పెట్టుకొనవచ్చును. సాయంత్రము నేను దానిలోనే ఇంటికి పోవలసినవాడను గనుక, బూస్టరు గొట్టమును మాత్రము మరల బిగించి యీయవలెను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక కారు యజమాని